కత్తి వెన్నుకు టేపు అవసరమా?

గడ్డం గీసుకునే మడత కత్తిని సానరాయి మీద పెట్టే ముందు దాని వెన్నుకు ప్లాస్టిక్ టేపు అంటించాలా వద్దా అన్న విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. మామూలు కత్తికి, మామూలుగా పదును పెట్టుకునేటప్పుడు టేపు అక్కరలేదు. టేపు వేసేవారి భయం నాకు తెలియనిది కాదు. అద్దంలా మెరిసే వెన్ను మీద గీతలు పడి, చదునైన మచ్చ ఒకటి తేలితే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ ఆ మచ్చ కత్తి చేసినవాడు ముందే ఊహించినదే.

కూరగాయలు తరిగే కత్తిని నూరేటప్పుడు కోణాన్ని మన మణికట్టు నిలబెట్టాలి. ఈ కత్తికి ఆ బెంగ లేదు. రాయి మీద పడుకోబెడితే ఒక పక్క వెన్ను, ఇంకో పక్క వాదర (పదునుండే అంచు), రెండూ ఒకేసారి ఆనుతాయి. వెన్ను ఎంత మందం, అక్కడినుంచి వాదర ఎంత దూరం అన్న లెక్కే కోణాన్ని తేల్చేస్తుంది. నా దగ్గరున్న, కత్తులకు పేరుమోసిన జర్మనీ ఊరు జోలింగెన్‌లో చేసిన కత్తి వెడల్పు 5/8 అంగుళం, అంటే దాదాపు 15.9 మిల్లీమీటర్లు. వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే వాదర దగ్గర కోణం 16 డిగ్రీల పైచిలుకు వస్తుంది. ఈ కత్తులకు అది చక్కటి కోణం. చర్మం మీద మెత్తగా నడుస్తుంది, పదును కూడా కొన్నాళ్లు నిలుస్తుంది.

ఇప్పుడు టేపు సంగతి. కరెంటు పనికి వాడే వినైల్ టేపు మందం సుమారు 0.18 మిల్లీమీటర్లు. వెన్నుకు రెండు పక్కలా పడుతుంది కాబట్టి మందం 0.36 పెరిగినట్టు. కోణం పదిహేడున్నర డిగ్రీలకు చేరుతుంది. ఒకటిన్నర డిగ్రీకి లోపే తేడా. గడ్డం గీసుకునేటప్పుడు చాలామంది దీన్ని పసిగట్టలేరు, ఆ మాట ఒప్పుకుంటాను. బ్లేడు వెడల్పు తక్కువైతే అదే టేపు ఇంకాస్త ఎక్కువ తేడా తెస్తుంది.

నా అభ్యంతరం ఆ ఒక్క డిగ్రీ మీద కాదు, కాలం గడిచాక జరిగేదాని మీద. టేపు లేకుండా నూరితే వాదరతో పాటు వెన్ను కూడా అరుగుతుంది. అందుకే నిష్పత్తి చెడదు. వెడల్పు ఒక మిల్లీమీటరు తగ్గేలోగా వెన్ను మందం 0.28 తగ్గితే కోణం ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఎప్పుడూ టేపు మీదే నూరుతూ పోతే వాదర వెనక్కి జరుగుతుంది, వెన్ను మాత్రం కొత్తగానే ఉంటుంది. నా కత్తి విషయంలో ఆ ఒక్క మిల్లీమీటరుకే కోణం ఇంచుమించు ఒక డిగ్రీ లావెక్కుతుంది. టేపు తెచ్చిన తేడా దానికి అదనం. అందం కోసం దాచుకున్న వెన్ను చివరికి పనికి అడ్డం పడుతుంది.

పైగా ఆ మచ్చ కంటికి కనిపించేంత పెద్ద నష్టమేమీ కాదు. వెన్ను గుండ్రంగా ఉంటుంది కదా, కొంచెం అరిగినా చదును వెడల్పుగా కనిపిస్తుంది. వంపు వ్యాసార్ధం 2.5 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని మీద ఒక మిల్లీమీటరు వెడల్పు చదును పడాలంటే పోయే లోహం లోతు 0.05 మిల్లీమీటర్లు. టేపు మందంలో మూడో వంతు కూడా లేదు! కంగారు పడాల్సింది ఆ చదును ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉన్నప్పుడు. అలా ఉంటే బ్లేడు వంకరగా ఉందనో, మన వేళ్లు ఒకచోట ఎక్కువ నొక్కుతున్నాయనో అర్థం. టేపు వేస్తే ఈ ఆనవాలే కనిపించదు. నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు.

అలాగని టేపు డబ్బాలో పడి ఊరికే ఉండదు. వాదర పెచ్చులు ఊడిన కత్తి చేతికొచ్చినప్పుడు 1000 గ్రిట్ రాయి మీద (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది), ఒక్కోసారి అంతకంటే గరుకు రాయి మీద, చాలాసేపు నూరాలి. ఒక్క పూటలో అంత లోహం తీసేటప్పుడు వెన్ను మీద భారం పడనివ్వను. పక్కలు లోపలికి గుంటగా తొలచకుండా దాదాపు చదునుగా వదిలేసిన పాతకాలపు బరువు కత్తులకైతే టేపు తప్పదనే అంటాను. రాయి మీద పెడితే వాటి పక్క మొత్తం ఆనుతుంది. ఎంత నూరినా ఆ విశాలమైన పక్క అరగడమే తప్ప వాదరకు పని అందదు. టేపు వెన్నును కాస్త ఎత్తితే రాయి వాదరను పట్టుకుంటుంది. ఇక వెన్ను మీద బంగారు పూతో, నగిషీ చెక్కడమో ఉంటే వాదనే లేదు, అతికించాల్సిందే.

వేస్తే మాత్రం శ్రద్ధగా వేయాలి. నూనె తుడిచి, ఒకే పొర, ముడత లేకుండా, వెన్ను ఈ చివరినుంచి ఆ చివరిదాకా. గరుకు రాయి మీద టేపు త్వరగా అరుగుతుంది, దాని రేణువులు టేపులో గుచ్చుకుని ఉండిపోతాయి. అదే టేపుతో 8000 రాయి మీదికి వెళ్తే నున్నటి రాయి మీద గరుకు గీతలు పడతాయి. రాయి మారినప్పుడల్లా టేపు మార్చాలి. తోలు పట్టీ మీదికి వెళ్లే ముందు పూర్తిగా తీసేసి, జిగురు తుడవాలి.

ఈమధ్య ఒక మిత్రుడి కత్తి నా దగ్గరికి వచ్చింది. ఎంత నూరినా పదును రావడం లేదని ఆయన ఫిర్యాదు. రాయిని వేలెత్తి చూపించే పని లేదు, చక్కటి రాయే వాడుతున్నారు. వాదర పక్కనున్న సన్నటి ఏటవాలుకు నల్ల మార్కర్ పూసి, నీళ్లు చల్లిన రాయి మీద బరువు వేయకుండా ఒక్కసారి తోశాను. భూతద్దంలో చూస్తే ఏటవాలు పైభాగంలో నలుపు పోయింది, కొసన మాత్రం వెంట్రుకంత నల్ల గీత చెక్కుచెదరకుండా ఉంది. రాయి వాదరను తాకడమే లేదు. ఒక పొర టేపు వేసి మళ్లీ తోస్తే ఆ గీత ఈ చివరినుంచి ఆ చివరిదాకా చెరిగిపోయింది. అంతకుముందు దాన్ని నూరినవారు టేపు వాడారు, ఈయన వాడలేదు. ఇంతే గొడవ. టేపు మీదే నున్నటి రాయితో ముగించి ఇవ్వవచ్చు. కానీ ఆ కత్తి వెన్ను మామూలుదే కాబట్టి టేపు తీసేసి, మధ్యస్థమైన రాయి మీద నల్ల గీత మిగలనంతవరకు ఓపిగ్గా నూరి, పాత కోణానికి తెచ్చాను.

అందుకే ఎవరి కత్తి నూరినా పెట్టెలో ఒక చీటీ పెడతాను. ఏ రాయితో ముగించాను, టేపు ఎన్ని పొరలు లేదా అసలు లేదా, అంతే రాస్తాను. మీ కత్తిని బయట నూరిస్తే మీరూ ఈ రెండు సంగతులు అడిగి రాసి పెట్టుకోండి. చీటీ లేని కత్తి చేతికొస్తే రాయి తడపడానికి ముందే మార్కర్ మూత తీయండి.