మా సంఘంలో పెద్దలకూ సండే స్కూల్: నా అనుభవం

మా సంఘంలో సండే స్కూల్ అంటే పిల్లలదే. ఆరాధనకు ముందు పాట, కంఠత వాక్యం, ఒక కథ, మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి). పదిహేను పదహారేళ్లు వచ్చాక బాప్తిస్మం తరగతికి వస్తారు, బాప్తిస్మం తీసుకుంటారు, అక్కడితో నేర్చుకోవడం అయిపోతుంది. ఆ తర్వాత ప్రసంగం వినడమే. వినడం మంచిదే గానీ, మధ్యలో చెయ్యెత్తి అడగడానికి వీలుండదు. నేను చాలా ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. వాళ్లు ఇంటికెళ్లి ఏదైనా అడిగితే, "నాకేం తెలుసు, పాస్టరు గారిని అడుగు" అనే జవాబే వస్తోందని నాకు తెలుసు.

అందుకే అన్ని వయసుల వాళ్లకూ తరగతులు పెడదాం, ఆ ఏర్పాటు నువ్వు చూడమ్మా అని పాస్టరు గారు అనగానే ఒప్పుకున్నాను. మాది ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ నది వైపు పల్లె. పొగాకు, మిరప, కూలి పనుల మీద బతికే కుటుంబాలే ఎక్కువ. కమిటీలో మాట పెట్టగానే మొదట వచ్చిన అభ్యంతరం, "ఈ వయసులో మాకు బడేందమ్మా?" అని. రెండోది స్థలం. మాకున్నది ఒక్కటే హాలు. మూడోది, అన్నిటికంటే పెద్దది, టైము. పొగాకు కోత, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) పని నడిచే నెలల్లో ఆదివారం ఆరాధనకు రావడమే కష్టం, ముందొచ్చి కూర్చోమంటే ఎట్లా వస్తారు?

స్థలం సంగతి త్వరగానే తేలింది. హాల్లో ఆడవాళ్లు, వరండాలో చిన్నపిల్లలు, వేపచెట్టు కింద మగవాళ్లు, పాస్టరు గారింటి ముందు గదిలో యవ్వనస్తులు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలని, గది తలుపు తీసే ఉంచాలని ముందే నియమం పెట్టుకున్నాం. టైము మాత్రం ఒకటే పెట్టుకుంటే కుదరదని అర్థమైంది. మామూలు రోజుల్లో ఆరాధనకు ముందు, కోతల కాలంలో ఆదివారం సాయంత్రం.

అసలు టెన్షన్ చదువు రాని వాళ్ల గురించి. మా అమ్మ వయసు ఆడవాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. బైబిల్ చేతికిచ్చి చదవమంటారేమోనని భయపడి వాళ్లు రాకుండా పోతారు. తానుగా ముందుకొస్తే తప్ప ఎవరినీ చదవమని అడగకూడదని టీచర్లందరికీ గట్టిగా చెప్పాను. భాగాన్ని ఒకరు నిదానంగా రెండుసార్లు చదువుతారు, మిగతావాళ్లు వింటారు, తర్వాత మాట్లాడతారు. ఈ ఒక్క పద్ధతి వల్లే ఆడవాళ్ల తరగతి నిలబడిందని నా నమ్మకం. మగవాళ్లలోనూ చదవడానికి మొహమాటపడే వాళ్లున్నారు. వాళ్లకు రిటైరైన టీచరు గారొకరు ఓపిగ్గా చెప్పారు.

పాఠం అందరికీ ఒకటే ఉండాలని నేను పట్టుబట్టాను. చిన్నపిల్లలకు బొమ్మలతో, పెద్దలకు చర్చతో, కానీ ఆ ఆదివారం ఇంట్లో అందరూ ఒకే కథ విని రావాలి. శనివారం రాత్రి టీచర్లందరం కలిసి ఆ భాగం చదువుకునేవాళ్లం. మొదట బైబిల్లోని రూతు గ్రంథం తీసుకున్నాం. నాలుగు అధ్యాయాలే, పైగా మా వాళ్లకు తెలిసిన బతుకు. కరువొచ్చి బేత్లెహేము ఊరొదిలి మోయాబు అనే పరాయి దేశానికి పోయిన కుటుంబం, మగదిక్కు పోగొట్టుకుని తిరిగొచ్చిన అత్త, ఆమెతో వచ్చిన మోయాబు కోడలు రూతు. కనిగిరి వైపు నుంచి పనుల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో పోయే బంధువులు మాలో చాలామందికి ఉన్నారు.

రెండో అధ్యాయం రోజున నేను ఆడవాళ్ల తరగతిలో ఉన్నాను. రూతు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె (కోతలో రాలిన కంకులు) ఏరుకుంది, సాయంత్రం దుళ్లగొడితే దాదాపు తూమెడు యవలు వచ్చాయి అని చదివాం. ఒక అవ్వ వెంటనే, "పరిగె ఏరితే ఒక్క పూటకి అంత రాదమ్మా. మేం ఏరినోళ్లమే. ఎవరో కావాలనే కంకులు వదిలుంటారు" అంది. ఆ మాట నిజమే. పనల్లోంచి కొన్ని లాగి ఆమె కోసం పడెయ్యమని బోయజు తన పనివాళ్లకు చెప్పిన వచనం పైనే ఉంది. మేం దాన్ని చదివాం గానీ పట్టించుకోలేదు. అక్షరం రాని అవ్వ లెక్కగట్టి పట్టుకుంది. పొలం అంచులు పూర్తిగా కొయ్యొద్దు, పరిగె బీదలకూ పరదేశులకూ వదిలెయ్యండి అని లేవీయకాండంలో ఉన్న ఆజ్ఞ గురించి ఆ రోజు మాట్లాడుకున్నంతగా నేను ఇంకెప్పుడూ వినలేదు. ఏ ఆసామి పొలంలోకి రానిచ్చేవాడు, ఎవరు అదిలించేవాడు, అన్నీ బయటికొచ్చాయి.

యవ్వనస్తుల తరగతి ఇంకో దారి పట్టింది. "మోయాబు పిల్లను బేత్లెహేము వాళ్లు కోడలిగా ఒప్పుకున్నారు గదా. మనింట్లో వేరే కులం పిల్లను చేసుకుంటానంటే ఎందుకు ఒప్పుకోరు?" అని ఒకబ్బాయి అడిగాడు. టీచరుగా ఉన్న అక్క జవాబు చెప్పకుండా, ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లమంది. పాఠం అందరిదీ ఒకటే కాబట్టి ప్రశ్న ఆ రాత్రే ఇళ్లలో దిగింది. తర్వాతి ఆదివారం చెట్టు కింద మగవాళ్లు దాని గురించే గట్టిగా వాదించుకున్నారు. సంఘంలోనే మాల, మాదిగ అని సంబంధాలు విడిగా చూసుకోవడం సరికాదని కొందరన్నారు. "వాక్యం వేరు, ఊరు వేరు" అని ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. ఆయన అభిప్రాయం మారిందని చెప్పలేను. కానీ కొడుకుతో ఆ విషయం మాట్లాడుతున్నానని తనే చెప్పాడు.

రూతు కథలోని కరువు గురించి మాట్లాడేటప్పుడు ఆ రిటైరైన టీచరు గారు మన నేల సంగతే ఎత్తారు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేట్టు చేశారు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె మా పిల్లలు చాలాసార్లు విన్నదే. అయితే ఈసారి ఒకమ్మాయి, "అంతమందికి ముందు ఎవరు నేర్పారు సార్?" అని అడిగింది. ఊరూరా నడిచి చెప్పిన యర్రగుంట్ల పేరయ్య లాంటి మన వాళ్లని, బోధకుల కోసం రామాపట్నంలో 1872లో మొదలైన వేదాంత పాఠశాలని అప్పుడు చెప్పుకున్నాం.

మొదలుపెట్టాలనుకునే సంఘాలకు నా సలహా ఒకటే: పుస్తకాలు కొనేముందు టీచర్లను కూర్చోబెట్టండి. మాకు పెద్ద ఖర్చేమీ కాలేదు. పెద్దక్షరాల బైబిళ్లు కొన్ని, పిల్లలకు రంగులు, కాగితాలు. శనివారం రాత్రి కూడిక తప్పిన వారం మాత్రం నాలుగు తరగతులూ నాలుగు దార్లు పట్టేవి.

ఇప్పుడు బైబిల్లోని అపొస్తలుల కార్యాలు పుస్తకం నడుస్తోంది. ఇరవై ఎనిమిది అధ్యాయాలు కాబట్టి కోతల కాలం మధ్యలో వస్తుంది, అప్పుడు సాయంత్రాలకు మారతాం. పరిగె లెక్క చెప్పిన అవ్వను ఈసారి పిల్లల తరగతిలో కూడా కూర్చోమని అడిగాను. సరేనంది.