కరెంటు పోతే నాకు పండగ

తెల్లవారుజామున 3.20కి కరెంటు పోయింది. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అవి తిరుగుతున్నంతసేపూ మా ఇంట్లో అందరికీ హాయిగా నిద్ర పడుతుంది, ఆగితేనే మెలకువ వస్తుంది. నేను లేచేసరికి నాయన టార్చి పట్టుకుని జనరేటర్ షెడ్డుకి పరిగెడుతున్నాడు. వెనకాలే నేను. ఆయన పరుగు రొయ్యల కోసం, నాది డ్రమ్స్ కోసం.

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర ఊరు. మూడు గుంటల్లో వనామీ రకం రొయ్యలు వేశాం. తెల్లారేముందే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా రొయ్యలతో పాటు నీళ్ళలోని నాచు కూడా దాన్ని వాడుకుంటుంది, ఎండ తగిలితేగానీ తిరిగివ్వదు. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే నాయన ఎవరితోనూ మాట్లాడడు. కాబట్టి డీజిల్ ఎంత కాలినా జనరేటర్ వెయ్యాల్సిందే. అది మొదలైతే పక్కన నిలబడి అరిచినా వినపడదు. ఆ పక్క గదిలోనే, మేత బస్తాల మధ్య, నా డ్రమ్ సెట్టు. చుట్టూ బస్తాలుంటే శబ్దం గోడలకి తగిలి తిరిగి రాదు. ఇంత మంచి రిహార్సల్ రూము హైదరాబాద్‌లో అద్దెకి కూడా దొరకదని నా నమ్మకం. వాసన సంగతి వేరే.

మామూలు రోజుల్లో నేను కొట్టేది రబ్బరు ప్యాడ్ మీదే. ఊళ్ళో అసలు డ్రమ్స్ మోగించిన మొదటి వారమే పెద్దవాళ్ళు ఇంటిదాకా వచ్చారు. నేను వాయించే డెత్ మెటల్, అదే గొంతు చించుకుని అరిచే మహా వేగం రాక్ సంగీతం, అంటే ఏమిటో నాయనకి చెప్పడానికి ఒకసారి ప్రయత్నించాను. ‘ఏందిరా, చావు పాటలా’ అన్నాడు. తప్పేం కాదు.

ఈరోజు లెక్క 220 వేగంలో, అంటే నిమిషానికి 220 బీట్లు, రెండు నిమిషాలు ఆగకుండా డబుల్ పెడల్, పెద్ద డ్రమ్ముని రెండు కాళ్ళతో కొట్టే పెడల్. ఒక్కో బీటుకి నాలుగు దెబ్బలు, అంటే రెండు కాళ్ళూ కలిపి నిమిషానికి 880. పక్కన జనరేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ ఉంటుంది, అలుపు లేదు, ఎడమ కాలు లేదు. నాకు ఎప్పుడూ ఎడమ కాలితోనే తగువు. నిమిషం దాటగానే పిక్క రాయిలా అవుతుంది. చూసేవాళ్ళు ఇదంతా కోపంతో, బలంతో బాదడం అనుకుంటారు. నిజానికి బలం పెట్టిన క్షణమే వేగం చచ్చిపోతుంది. ఆ వేగంలో తొడ ఎత్తి తొక్కే టైముండదు, చీలమండ ఒక్కటే ఆడాలి, మిగతా ఒళ్ళంతా నిద్రపోతున్నట్టుండాలి. చేతులూ కాళ్ళూ ఆగకుండా బాదే బ్లాస్ట్ బీట్‌లో ఎడమ చెయ్యీ అంతే. టెన్షన్ పడితే కర్ర బిగుసుకుంటుంది, రెండు దెబ్బలు ఒకటైపోతాయి. అందుకే నేను రోజూ అరగంట 60 వేగంలో, గడియారం సెకన్ల ముల్లులాగా కొడతాను. పరమ విసుగు. దానికి దొడ్డిదారి ఉంటే ఈపాటికి కనిపెట్టేవాణ్ణి.

ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర టప్‌మని చప్పుడు. పిక్క కాదు, పెడల్ స్ప్రింగు. సముద్రపు గాలి ఇక్కడ దేన్నీ బతకనివ్వదు. అదే సమయానికి కరెంటు కూడా వచ్చేసింది. నాయన ‘అమ్మయ్య’ అన్నాడు, నేను ఇంకోటి అన్నాను.

పొద్దున మేత వేసి, రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసి, పెడల్ సంచిలో పెట్టుకుని నెల్లూరు వెళ్ళాను. మోటార్లు బాగుచేసే షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గొలుసు లాగి చూసి, ‘ఇది యాడ తగిలిస్తారు అబ్బయ్యా, బోరుకా?’ అన్నాడు. కాలితో డ్రమ్ము కొట్టేదని చెబితే నా కాళ్ళ వంక చూశాడు. వెతికి వెతికి దాదాపు అదే కొలత స్ప్రింగు ఒకటి తీశాడు, కొంచెం గట్టిది. డబ్బులు తీసుకోలేదు, ‘పన్జేస్తే వచ్చి ఇయ్యి’ అన్నాడు.

మధ్యాహ్నం సింబల్స్‌కి, అంటే డ్రమ్ సెట్టులోని లోహపు పళ్ళాలకి, పట్టిన పచ్చటి చిలుము వదిలించాను, అమ్మ బిందె తోమినట్టే చింతపండుతో. మంచి సింబల్ అంటే కంచే, 80 పాళ్ళు రాగి, 20 తగరం. గుడి గంటదీ ఇంచుమించు అదే పాకం. తోముతుంటే వీధిలో డప్పు వాయించే పెద్దాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లారి నా వాయింపు ఆయనకి వినపడిందట, జనరేటర్ ఉన్నా సరే.

‘అది పెళ్ళి దరువా, చావు దరువా అబ్బయ్యా?’

‘రెండూ కాదు పెద్దాయనా.’

‘మరి అంత తొందరేంది?’

ఆయనకి 1987లో వచ్చిన నేపామ్ డెత్ అనే బ్యాండు పాట ఒకటి ఫోన్లో వినిపించాను. ఒక సెకను చిల్లర, అంతే. అతి చిన్న పాటగా గిన్నిస్‌లోకి ఎక్కింది. ‘ఊఁ, పెట్టు’ అన్నాడు. అప్పటికే అయిపోయింది.

సాయంత్రం హైదరాబాద్‌లో ఉన్న మా బ్యాండు గిటారిస్టు నుంచి మెసేజ్. మేం ముగ్గురం మూడు ఊళ్ళలో ఉంటాం, ఫైళ్ళు పంపుకుని పాటలు కడతాం. కిందటి వారం నేను పంపిన ట్రాకులో అడుగున ఏదో గురగురమంటోందట. జనరేటర్ అది, తీసెయ్యమన్నాను. ‘వద్దు, గిటార్ కన్నా అదే బాగుంది’ అన్నాడు. మాకు వినేవాళ్ళే కొద్దిమంది, వాళ్ళకీ ఇలాంటి మడ్డి శబ్దాలంటే ప్రాణం.

రాత్రి కొత్త స్ప్రింగు బిగించి, చెవుల్లో తాళం చూపే క్లిక్ చప్పుడు పెట్టుకుని, మేత బస్తాల మధ్య కూర్చున్నాను. బయట ఏరియేటర్లు చక్కగా తిరుగుతున్నాయి. పది, పదకొండు. ఫ్యాను రెక్క కూడా వణకలేదు. కరెంటు పోవాలని కోరుకోవడం పాపమని తెలుసు, ఒక్క గంట జనరేటర్‌కి అయ్యే ఖర్చు కూడా తెలుసు. అయినా కర్రలు చేతిలోనే ఉన్నాయి.

పదకొండున్నరకి నాయన తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

‘ఇయ్యాల పోదులేరా, పడుకో’ అన్నాడు, ఓదారుస్తున్నట్టు.