సరస్సు ఒడ్డున మూడు లెన్సులు

మూడు రోజుల ప్రయాణం. కొండల మధ్య ఉన్న సరస్సు దాకా వెళ్లాలి, చివరి రెండు గంటలు నడకే. బట్టల కంటే ముందు లెన్సుల లెక్క తేల్చుకున్నాను. కెమెరాతో పాటు వచ్చిన 18-55 మి.మీ. జూమ్ ఎలాగూ ఉంటుంది. ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు తక్కువ మేర చూస్తుంది, దూరంవి పెద్దగా పడతాయి. పక్షుల కోసం 70-300 తీసుకున్నాను. మూడోది ఫిల్మ్ కాలం నాటి 50 మి.మీ. లెన్సు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అడాప్టర్ లేనిదే నా మిర్రర్‌లెస్ కెమెరాకు బిగదు.

"18-55లో 50 ఉంది కదరా, ఈ బరువు కూడా ఎందుకు?" అన్నాడు నాతో వచ్చిన మిత్రుడు.

ఉన్న మాట నిజమే. కానీ ఆ జూమ్‌ను 50 దగ్గరకు తిప్పేసరికి అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, ఎఫ్/5.6 దగ్గరే ఆగిపోతుంది. ఆ అంకె చిన్నదయ్యేకొద్దీ కన్నం పెద్దది. పాత లెన్సు ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది. మూడు స్టాపుల పైచిలుకు తేడా, ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు, అంటే దాదాపు పది రెట్ల వెలుతురు. నేను దాన్ని వదిలి వెళ్లలేను. సంచిలో వేసుకున్నాను.

సరస్సు చేరేసరికి పొద్దు వాలుతోంది. నీటికి అవతల కొండలు ఒకదాని వెనక ఒకటి, వెనక్కి పోయేకొద్దీ పలచబడుతూ ఐదారు వరసలు. మిత్రుడు వెంటనే తన జూమ్‌ను 18కి తిప్పాడు. ప్రకృతి దృశ్యం అనగానే అందరి చెయ్యీ అటే పోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే తీశాను. 18లో అన్నీ పడతాయి కానీ ఆ కొండలు ఫ్రేములో సన్నటి గీతలా మిగిలిపోతాయి, మిగతాదంతా ఆకాశం, ఖాళీ నీళ్లు. నేను 70-300 బిగించి, 200 దగ్గర చివరి నాలుగు వరసలను మాత్రమే పట్టాను. కొండలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డట్టు వచ్చాయి. అలా దగ్గరకు లాగినట్టు కనిపించడం లెన్సు చేసే గారడీ అనుకుంటాం. అది నిజానికి మనం నిలబడ్డ దూరం వల్ల వచ్చేది. అంత దూరం నుంచి చూస్తే కొండల మధ్య ఎడం ఎలాగూ తక్కువగానే కనిపిస్తుంది, లెన్సు అందులో ఒక ముక్కను కోసి ఇస్తుందంతే. మిత్రుడు నా తెర చూసి ఏమీ అనలేదు. తన సంచిలోంచి టెలీ లెన్సు తీశాడు.

ఆ రాత్రి గదిలో ఒకే ఒక్క బల్బు, పసుపు వెలుగు. మంచం మీద కూర్చుని మిత్రుడు బూటు తాడు ముడి విప్పుకుంటున్నాడు. 50 లెన్సు తగిలించి, వెలుగు రంగును బట్టి ఫొటో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను బల్బు గుర్తుకు మార్చి, ఆ చేతులను తీశాను. వేళ్లు స్పష్టంగా, మోకాళ్ల దగ్గర్నుంచి అంతా కరిగిపోయినట్టు. తర్వాత పడుకున్నాను. వైట్ బ్యాలెన్స్ సంగతి మరిచిపోయాను.

రెండో రోజు తెల్లవారుజామున నీటి మీద పొగమంచు. రెల్లు గడ్డి పక్కన ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. 300 దాకా లాగి, ఊపిరి బిగబట్టి, అది కాళ్లు కదిపిన క్షణం నుంచి గాల్లోకి లేచేదాకా వరసగా నలభై ఫ్రేములు తీశాను. వ్యూఫైండర్‌లో అంతా నీలంగా కనిపిస్తోంది. తెల్లవారుజాము రంగే అనుకున్నాను. ఎండ పడ్డాక కూడా నీలంగానే ఉంటే అప్పుడు అర్థమైంది. బల్బు వెలుగులోని పసుపును కొట్టేయడానికి కెమెరా నీలాన్ని పెంచుతుంది కదా, పొద్దుటి నుంచీ అదే పని చేస్తూ ఉంది.

ప్రాణం ఉసూరుమంది. అయితే ఆ రంగు గురించి నిజంగా కంగారు పడలేదు, ఎందుకంటే కెమెరాను రా ఫైల్, తనే తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫొటో రెండూ దాచేలా పెట్టుకున్నాను.

రా ఫైల్ అంటే ఇంకా ఫొటో కాదు. వెలుతురును పట్టే సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ముందు ఒక్కో రంగు గాజు ఉంటుంది, సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఆలోచన ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి పిక్సెల్ ఒక్క రంగు ఎంత పడిందో మాత్రమే కొలుస్తుంది. మిగతా రెండు రంగులను చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి తర్వాత లెక్కగట్టాలి. రా ఫైల్లో ఉండేది ఆ కొలతలే. వైట్ బ్యాలెన్స్ వాటి పక్కన రాసిన చీటీ లాంటిది. చీటీ తప్పయితే వేరేది రాసుకోవచ్చు.

సాయంత్రం గదిలో ల్యాప్‌టాప్ తీసి, రా ఫైళ్లను ఫొటోలుగా మార్చుకునే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచాను. ఇది ఉచితం, లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. మనం చేసిన మార్పులన్నీ ఫైల్ పక్కనే ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్లో రాసుకుంటుంది, అసలు ఫైల్‌ను ముట్టుకోదు. ముందు జేపెగ్‌ను సరిచేసి చూద్దామనిపించింది. నీలం తగ్గించి ఎరుపు పెంచేకొద్దీ కొంగ మెడ మీద మచ్చలు మచ్చలుగా తేలాయి. పొగమంచు మెట్లు మెట్లుగా విడిపోయింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 స్థాయులే ఉంటాయి, ఎరుపును కెమెరా ముందే అణిచేసింది, ఇక లాగడానికి అందులో ఏముంది? అదే ఫ్రేము రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్‌ను బల్బు వెలుగుకు సరిపోయే 3200 కెల్విన్‌ల నుంచి పగటి వెలుగుకు సరిపోయే 5500 దాకా జరిపాను. మెడ బూడిద రంగులోకి తిరిగింది, ముక్కు పసుపు పైకొచ్చింది, మంచు మెత్తగా పరుచుకుంది. 14 బిట్ల ఫైల్, అంటే 16,384 స్థాయులు, ఎంత లాగినా తెగలేదు. కాస్త నీలాన్ని కావాలనే ఉంచాను, ఆ వేళ నిజంగానే నీలంగా ఉంది మరి.

పాత 50తో తీసిన ఫొటోలకు ఇంకో తంటా ఉంది. అడాప్టర్‌లో కెమెరాతో మాట్లాడే తీగలేమీ లేవు. ఏ లెన్సో, ఏ అపర్చరో ఫైల్లో నమోదు కాదు. మిగతా రెండు లెన్సులకు వంపులూ, అంచుల చీకటీ సరిచేసే లెక్కలను సాఫ్ట్‌వేర్ లెన్స్‌ఫన్ అనే జాబితాలోంచి తనే తెచ్చుకుంటుంది. 18 దగ్గర పొంగినట్టు వచ్చిన నీటి గీత ఒక్క క్లిక్‌తో తిన్నగా అయింది. పాత లెన్సుకు అన్నీ నేనే వెతికి పెట్టుకోవాలి. అందుకే జేబులో చిన్న పుస్తకం ఉంచుకుని అపర్చర్ రాసుకుంటాను. ఆ పని నాకు విసుగనిపించదు.

ఇంకొకటి, ఒడ్డున గాలిలో లెన్సులు మార్చినందుకు సెన్సర్ మీద దుమ్ము పడింది. ఎఫ్/16 దగ్గర తీసిన ఆకాశంలో నాలుగు నల్ల చుక్కలు. వాటిని తుడిచేయడం తేలికే.

కానీ కొంగ రెక్క విప్పిన ఫ్రేములు? వాటిని వంద శాతానికి పెంచి చూశాను. రెక్క అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. షట్టర్ సెకనులో 1/125 వంతు దగ్గర ఉంది. నా సెన్సర్ చిన్నది, 300 లెన్సు పెద్ద సెన్సర్ మీద 450 చూపేంత ఇరుకుగా చూస్తుంది, చేతి వణుకు తెలియకుండా ఉండటానికే కనీసం 1/500 కావాలి. ఎగిరే రెక్కకైతే అంతకు రెట్టింపు. తక్కువ వెలుతురులోనూ షట్టర్ వేగం పెంచుకోనిచ్చే ఐఎస్ఓను 400 దగ్గరే పట్టుకుని కూర్చున్నాను, నాయిజ్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయన్న భయంతో. షార్ప్‌నెస్ స్లైడర్ చివరిదాకా లాగాను. మసక అంచుకు గీత పెట్టినట్టయింది తప్ప ఒక్క ఈక కూడా రాలేదు. రంగు తప్పినా వెనక్కి వచ్చింది. కదిలిపోయిన రెక్క రాలేదు, ఎందుకంటే అది సెన్సర్ దాకా అలాగే చేరింది.

"మంచు మాత్రం బాగుంది" అన్నాడు మిత్రుడు, నా భుజం మీదుగా చూస్తూ.

మూడో రోజు ఇద్దరం చీకట్లోనే లేచాం. వైట్ బ్యాలెన్స్ ఆటో, షట్టర్ 1/1000, ఐఎస్ఓ 3200. గదిలోనే 70-300 బిగించుకుని బయల్దేరాను. కొంగ అదే రెల్లు దగ్గర లేదు, ఇంకాస్త అవతల ఉంది. చాలాసేపు కదల్లేదు. వేళ్లు చల్లబడి షట్టర్ మీద తిమ్మిరెక్కాయి. లేచింది, తొమ్మిది ఫ్రేములు దొరికాయి.

ఇంటికొచ్చాక వాటిని తెరిచాను. ఆరోదానిలో కాళ్ల నుంచి జారుతున్న నీటి చుక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి, కింద నీటిలో వాటి వలయాలు ఇంకా మొదలవలేదు. నీడల్లో నాయిజ్ గట్టిగానే ఉంది. డీనాయిజ్ పెంచాను, ఇసుక పోయింది, దాంతోపాటు మెడ మీది సన్నని నల్ల గీతలూ కరిగిపోయాయి. స్లైడర్‌ను వెనక్కి జరిపాను. గీతలు తిరిగి కనిపించేదాకా జరిపి, అక్కడ వదిలేశాను.