చెన్నై షో చూసొచ్చాక: డెక్ బుడగల మీద కొత్త అనుమానం

నేను సొంతంగా చేస్తున్న సర్ఫ్‌బోర్డు డెక్, అంటే నిలబడే పైభాగం, మళ్లీ బుడగలేసింది. 7 అడుగుల 6 అంగుళాల మినీ మాల్ (కాస్త పొడుగు రకం బోర్డు), వెడల్పు 22 అంగుళాలు, మందం 2⅞. షేపింగ్ బాగా కుదిరింది, రాకర్ (ముక్కు నుంచి తోక దాకా ఉండే వంపు) ఎడమా కుడీ ఒకేలా ఉంది, అడుగున ఫిన్‌లు (రెక్కలు) బిగించే బాక్సులు సూటిగా కూర్చున్నాయి. మంచి సంగతులు ఇంతే. మిగతాదంతా డెక్ గోలే.

శుక్రవారం నాడు చెన్నైలో పడవలు, నీటి ఆటల సామాన్ల ట్రేడ్ షో ఉందని తెలిసి, ఆ డెక్ మీదే అరచేయంత ముక్క కోసి సంచిలో వేసుకుని బయల్దేరాను. పుత్తూరు, నగరి మీదుగా బస్సు. ఎవరో ఒకరు చూసి సంగతేంటో చెప్పకపోతారా అని ఆశ.

ముందు ఆ ముక్క కథ చెప్పాలి. తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీది రేకుల షెడ్‌లో పొద్దున 7 గంటలకు లామినేషన్, అంటే ఫోమ్ మీద గాజు క్లాత్ పరిచి ఎపాక్సీ రెజిన్ పట్టించే పని, మొదలుపెట్టాను. చల్లగా ఉన్నప్పుడైతే రెజిన్ తొందరగా గట్టిపడదని నా లెక్క. అప్పుడు షెడ్‌లో 29 డిగ్రీలు, తేమ 62 శాతం. 24 డెన్సిటీ ఈపీఎస్ (థర్మాకోల్ లాంటి గింజల ఫోమ్) బ్లాంక్, అంటే బోర్డు చెక్కే దిమ్మ, డెక్ మీద 200 జీఎస్ఎం క్లాత్ రెండు పొరలు. 8 గంటలకల్లా క్లాత్ అద్దంలా తడిసిపోయింది, ఒక్క బుడగ లేదు. ఫోటో కూడా తీశాను. టిఫిన్ తిని 9:15కి పైకి వచ్చేసరికి అట్టు మీద చిల్లుల్లా డెక్ అంతా బుడగలే. స్క్వీజీతో (రెజిన్ లాగే పట్టీతో) నొక్కితే పోతాయి, రెండు నిమిషాల్లో పక్కన ఇంకోటి లేస్తుంది. 10:30కి షెడ్‌లో 37 డిగ్రీలు. అప్పటికి రెజిన్ జిగురెక్కింది, ఇక చెయ్యి పెట్టే పని లేదు.

గట్టిపడ్డాక 10 సెంటీమీటర్ల చదరం గీసి లెక్కపెట్టాను. మధ్యలో నిలువునా ఉండే చెక్క పట్టీ, స్ట్రింగర్ పక్కన 43. ముక్కు దగ్గర 9. రెయిల్స్ (పక్క అంచులు) మీద దాదాపు లేవు. సైజు అర మిల్లీమీటర్ నుంచి 3 దాకా. సాండింగ్ చేస్తే ప్రతిదీ తెరుచుకుని పిన్‌హోల్ అయింది. బోర్డుని నీళ్ల తొట్టిలో పెట్టి, పైన బరువు ఉంచి గంట తర్వాత తూచాను. 4.72 కిలోలది 4.90 అయింది. అంటే 180 గ్రాముల నీళ్లు తాగింది. గంటకే ఇంత తాగితే చెన్నై దగ్గరి కోవళంలో పొద్దంతా అలల మీద ఆడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అనుమానాలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. కలిపేటప్పుడు గాలి చేరిందేమోనని అదే బకెట్‌లోని రెజిన్ గాజు పలక మీద క్లాత్ వేసి పోశాను, ఒక్క బుడగ రాలేదు. తేమ వల్లేమోనని ప్లైవుడ్ మీద చేశాను, అక్కడ పైన జిడ్డు పొర వచ్చింది కానీ బుడగ లేదు. ఆ జిడ్డు ఎపాక్సీలో అమీన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పుట్టేది, నీళ్లతో కడిగితే పోతుంది, అది వేరే గొడవ. అంటే రెజిన్ కాదు, క్లాత్ కాదు, ఫోమ్ ఉంటేనే వస్తోంది. మైక్రోబెలూన్ల (బోలుగా ఉండే సన్న రేణువుల) పుట్టీ ఫోమ్ మీద రాసిన వైపు కొంచెం తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఇక్కడ ఆగిపోయి కూర్చున్నాను.

ఇక షో. సర్ఫింగ్‌కి కేటాయించింది రెండు వరుసలే, మిగతా హాలంతా పడవ ఇంజన్లు, లైఫ్ జాకెట్లు. ఓర్లాండోలో ఏటా రెండుసార్లు జరిగే సర్ఫ్ ఎక్స్‌పో వీడియోలు చూసి వెళ్తే నిరాశే. అయినా 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాక కుర్రాళ్లు బాగా అడుగుతున్నారట, ప్రతి స్టాల్లోనూ ఇదే మాట. రిజిస్ట్రేషన్ ఫారంలో కంపెనీ పేరు తప్పనిసరి. ‘సొంత వర్క్‌షాప్’ అని రాశాను, రేకుల షెడ్ అని అడిగితే కదా చెప్పేది. తిరుపతి నుంచి వచ్చానంటే అందరూ మొదట లడ్డూ ఏదంటారు, తర్వాత అక్కడ సముద్రమెక్కడుందంటారు. మొదటిదానికి నాలుగు లడ్డూలు ముందే సంచిలో పెట్టుకున్నాను. రెండోదానికి, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకు తీరం కూడా వచ్చింది సార్, తూపిలిపాలెం పేరు విన్నారా అని జవాబు. ఎవరూ వినలేదు.

సాఫ్ట్‌టాప్ బోర్డులే ఎక్కువ పెట్టారు. పైన మెత్తగా ఉంటాయి కాబట్టి నేర్చుకునేవాళ్లకు మంచివే, దెబ్బ పెద్దగా తగలదు. నాకు మాత్రం చిరిగితే అతుకు వేయడం కష్టమైన వస్తువు మీద మనసు పోదు. ఫిన్‌ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. టూల్ లేకుండా నొక్కితే కూర్చునే ఎఫ్‌సీఎస్ 2 రకం ఫిన్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఈపీఎస్‌లో చేత్తో రౌటర్ పట్టుకుని గాడి కొట్టేవాడికి మాత్రం ఫ్యూచర్స్ అనే ఇంకో కంపెనీ బాక్సే మేలని నా అభిప్రాయం. ఒకే పొడుగు గాడి, లెవెల్ తప్పే భయం తక్కువ. కాలు జారకుండా డెక్ మీద రాసే వాక్స్ కొంటే ట్రాపికల్ (వేడి ప్రాంతాలది) తప్ప ఇంకోటి కొనకండి. మన మేడ మీద అది కూడా మధ్యాహ్నానికి మెత్తబడుతుంది.

పాలీయురేథేన్ బ్లాంకుల స్టాల్లో కనీసం 30 తీసుకోవాలన్నారు. ఒకటి ఇవ్వమంటే నవ్వారు. 2005 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలో ఈ పాలీయురేథేన్ బ్లాంకులే చేసే క్లార్క్ ఫోమ్ ఉన్నట్టుండి మూతపడింది. అమెరికాలో బ్లాంకుల్లో ఎక్కువ భాగం వాళ్లవే. దిక్కుతోచని షేపర్లు (బోర్డులు చెక్కేవాళ్లు) చాలామంది అప్పుడే ఈపీఎస్, ఎపాక్సీ వైపు తిరిగారు. ఆ కంపెనీ అలాగే నడిచి ఉంటే నాకీ బుడగల బాధ తగిలేది కాదేమో అని అక్కడే నిలబడి తిట్టుకున్నాను.

అసలు మాట చివరి వరుసలో దొరికింది. చేపల పడవలకు ఫైబర్ పని చేసి చేసి చేతులు గరుకెక్కిన ఒక పెద్దాయన, రెజిన్ స్టాల్లో ఫ్యాన్ కింద కూర్చున్నాడు. ముక్క చేతికిచ్చాను. వెలుతురులో తిప్పి చూసి, ఏ రెజిన్, ఏ క్లాత్ అని అడగలేదు. “ఎన్ని గంటలకు మొదలుపెట్టావ్ తంబి?” అన్నాడు. ఏడుకన్నాను. “అదే. పొద్దెక్కే కొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. సాయంత్రం చెయ్, వేడి దిగేటప్పుడు గాలి లోపలికి లాగుతుంది, రెజిన్ కూడా దానితో దిగుతుంది.” లడ్డూల్లో రెండు ఆయనకే ఇచ్చేశాను.

బస్సులో కూర్చుని లెక్క వేశాను. బోర్డు సుమారు 52 లీటర్లు, అందులో నూటికి 97 పాళ్లకు పైగా గాలే. 29 నుంచి 37కి వేడెక్కితే గాలి దాదాపు 2.6 శాతం పెరుగుతుంది, అంటే 1.3 లీటర్లు. ఫోమ్ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు, గింజల్లోని గాలి బయటికి రాదు, నిజమే. గింజల మధ్య సందుల్లోది పదో వంతు వచ్చినా 130 మిల్లీలీటర్లు, డెక్‌కి చిల్లులు పెట్టడానికి అది చాలు. మధ్యలో ఎక్కువ, రెయిల్స్ మీద తక్కువ ఎందుకో కూడా ఇప్పుడు కొంత అర్థమవుతోంది. మందం ఎక్కువ ఉన్న చోట గాలి ఎక్కువ, పైగా ఫోమ్ చెక్కే ప్లేనర్ ఎక్కువ తిరిగింది అక్కడే, గింజలు తెగి సందులు తెరుచుకుని ఉంటాయి. వీడియోల్లో చెప్పే ‘గది వెచ్చగా ఉంచుకుని పొద్దున్నే మొదలుపెట్టండి’ అనేది చలి దేశాల మాట. మన ఎండలకు అది తిరగబడుతుంది.

వచ్చిన మర్నాడే మిగిలిన ఫోమ్ ముక్క మీద సాయంత్రం 5:30కి మొదలుపెట్టాను. షెడ్ 38, రాత్రి 9కి 33. అదే చదరంలో 43కి బదులు 5 బుడగలు! అరిచినంత పని చేశాను. ఆ సంబరం కాసేపే. 400 గ్రాములు కలిపిన బకెట్ 11 నిమిషాల్లో పొగలు కక్కుతూ గడ్డకట్టింది. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలని ఉంది. 10 డిగ్రీలు పెరిగితే టైమ్ సగమవుతుందనే లెక్క ప్రకారం 38కి దాదాపు ఇంతే వస్తుంది మరి. ముక్క చిన్నది కాబట్టి సరిపోయింది, నిండు బోర్డుకి 11 నిమిషాలు దేనికీ చాలవు. పొద్దున చేస్తే గాలి పొడుస్తుంది, సాయంత్రం చేస్తే రెజిన్ ఆగదు.

ఇప్పుడు అనుకుంటున్నది ఇదీ. బ్లాంక్ మధ్యాహ్నమంతా షెడ్‌లోనే కాగనివ్వాలి. 5 గంటలకు కింద హాల్లోకి దించాలి, అక్కడ ఫ్యాన్ కింద 31 దాటదు. రెజిన్ కూడా పొద్దుటి నుంచి హాల్లోనే ఉంచాలి. ఫ్రిజ్‌లో వద్దు, బయటికి తీస్తే చెమ్మ పడుతుంది. 150 గ్రాముల చొప్పున కలిపి వెంటనే బోర్డు మీద పోసేయాలి, బకెట్‌లో కుప్పగా ఉంటేనే అది అంత వేడెక్కేది. రెజిన్‌ని మెల్లగా గట్టిపరిచే స్లో హార్డెనర్ ఒక కిలో ఆ స్టాల్లోనే ఆర్డర్ ఇచ్చాను, పార్సిల్ ఇంకా రాలేదు. డెక్ మీద వెంట్ ప్లగ్ (గాలి పోయే చిన్న బిరడా) కూడా పెట్టాలి, ఎండలో కారు మీద కట్టుకుని పోయేటప్పుడు లోపలి గాలికి దారి ఉండాలి కదా.

పాడైన మినీ మాల్‌కి పిన్‌హోల్స్ పూడ్చి, పల్చగా ఇంకో కోటు వేసి, మళ్లీ తొట్టి పరీక్ష పెడతాను. 20 గ్రాములకు మించి తాగకపోతే కోవళం తీసుకెళ్తాను. బ్లాంకులు 30 అంటే ఒక్కడి వల్ల కాదు. నెల్లూరు, చెన్నై వైపు మనవాళ్లు ఐదారుగురు కలిస్తే అడిగి చూడొచ్చు, ఆసక్తి ఉంటే చెప్పండి.

హాల్లో ఎపాక్సీ వాసనకి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆదివారం సాయంత్రం మొదలుపెడతాను. లేదంటే కింద బైక్‌లు పెట్టే చోటే పరదా కట్టుకుని చేయాలి, దుమ్ము సంగతి సాండింగ్‌లో చూసుకుంటాను.