నాన్న అడిగిన నూనె ప్రశ్న

పోయిన వేసవిలో నాన్నకి పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి తీసుకొచ్చిన నాలుగో రోజున, వంటింటి గట్టు మీది సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ చేతిలోకి తీసుకుని "ఏటమ్మా, దీనివల్లే వచ్చిందంటావా?" అన్నారు. ఒకప్పుడు రెండేళ్లు ల్యాబ్‌లో పెద్దపేగు క్యాన్సర్ కణాలనే పెంచినదాన్ని. అయినా నోరు పెగల్లేదు.

మేం పెంచినవి హెచ్‌టీ-29 కణాలు. 1964లో 44 ఏళ్ల ఒకావిడ కణితి నుంచి తీసినవి, ఇప్పటికీ ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. నూనెల్లో, కొవ్వుల్లో ఉండే ఫ్యాటీ ఆసిడ్లు వాటిని ఏం చేస్తాయో చూడటమే మా పని. అవి నీళ్లలో కలవవు కాబట్టి ఆల్బుమిన్ ప్రోటీన్‌కి అంటించి, 96 గుంటల ప్లేటులో కణాల మీద పోసేవాళ్లం. తర్వాత ఒక పసుపు మందు వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదారంగు చేస్తాయి. చేపనూనెలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఫ్యాటీ ఆసిడ్లు పోసిన గుంటలు మోతాదు పెరిగేకొద్దీ పాలిపోయేవి. ఆ ప్లేటు చూసినప్పుడల్లా మందు దొరికేసిందన్నంత సంబరం నాకు.

గుంటలు అలా పాలిపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి ఇది. సన్‌ఫ్లవర్ నూనెలో దండిగా ఉండే లినోలిక్ ఆసిడ్‌లో కొంత మన ఒంట్లో అరాకిడోనిక్ ఆసిడ్ అవుతుంది. కాక్స్-2 అనే ఎంజైమ్ దాన్ని ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే పదార్థంగా మారుస్తుంది. అది పేగు కణాలను పెరగమని తోస్తుంది. ఈపీఏ ఉంటే అదే ఎంజైమ్ దగ్గర పోటీకి దిగుతుంది, దాన్నుంచి తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఈ3కి అంత బలం ఉండదు.

కానీ ప్లేటు వేరు, మనిషి వేరు. తిన్న నూనె దాదాపు అంతా చిన్నపేగులోనే ఇంకిపోతుంది, పెద్దపేగు దాకా వచ్చేది చాలా తక్కువ. బ్రిటన్‌లో పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద లేచే చిన్న బుడిపెలు) ఉన్న 707 మందిలో కొందరికి రోజుకి 2 గ్రాముల ఈపీఏ, కొందరికి ఆస్ప్రిన్, కొందరికి రెండూ, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది: ఏడాది తర్వాత మళ్లీ పాలిప్స్ వచ్చినవాళ్ల శాతం తగ్గలేదు. లినోలిక్ ఆసిడ్ ఎక్కువ తిన్నవాళ్లకి ఈ క్యాన్సర్ ఎక్కువ వస్తుందనీ మనుషుల్లో స్పష్టంగా తేలలేదు. "దీనివల్లే అని చెప్పలేం నాన్నా" అని ఆ రాత్రి పక్కన కూచుని చెప్పాను. పాతికేళ్లుగా ఆ నూనె కొంటున్నది అమ్మ. ఆ మాట ఆవిడ కూడా వినాలనే గట్టిగా చెప్పాను.

మా చుట్టాల్లో ఒకాయన చేపనూనె మాత్రల డబ్బా తెచ్చి, కీమో మానేసి ఇవి వేసుకోమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. గుంటలో కణాలు చచ్చాయని మనిషికి మందు మానిపించడం ఘోరం. ఆ గుంటలు నా చేత్తో నింపినదాన్ని కాబట్టే అంటున్నాను.

నిజానికి పెద్దపేగుకి కావలసిన ఫ్యాటీ ఆసిడ్ నూనెలో కాదు, పీచులోంచి పుడుతుంది. అరగని పీచునీ పిండిపదార్థాన్నీ అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఫ్యాటీ ఆసిడ్ చేస్తాయి. మంచి కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. క్యాన్సర్ కణాలు ఎక్కువగా గ్లూకోజు మీద బతుకుతాయి, బ్యూటిరేట్‌ని సరిగా మండించలేవు. అది లోపల పేరుకుపోయి, జన్యువుల పనితీరును మార్చి, వాటి పెరుగుదలను తగ్గిస్తుంది. ఒకే పదార్థం ఒక కణానికి తిండి, పక్క కణానికి కళ్లెం! ఈ సంగతి చదివినప్పుడు మా నాయనమ్మ కుండలోని చోడంబలీ (రాగి అంబలి), రాత్రి మిగిలిన చద్దన్నమూ గుర్తొచ్చాయి. అన్నం చల్లారితే అరగని పిండిపదార్థం కొంచెం పెరుగుతుంది కూడా.

ఆపరేషన్ అయిన కొత్తలో పీచు వద్దన్నారు, పేగు కుట్లు మానాలి కదా. కొన్ని వారాలకి డాక్టరుగారు కొద్దికొద్దిగా మొదలుపెట్టమన్నారు. ఆ ఆదివారం హార్బర్ నుంచి కవళ్లు అనే చేపలు తెచ్చి, వేపకుండా పులుసు పెట్టింది అమ్మ. పొద్దున్నే మాత్రం గ్లాసుడు చోడంబలి, మజ్జిగ కలిపి ఇచ్చాను. నాన్న రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఉల్లిపాయ ఏదమ్మా?" అన్నారు.