మందుకు లొంగని కణాలను పెంచడం: ఎక్కడ మోసపోతాం

క్యాన్సర్ కణాలు మందుకు ఎందుకు లొంగవో తేల్చాలంటే ముందు ఆ మొండి కణాలు మన ఫ్లాస్కులో ఉండాలి. పీహెచ్‌డీలో చాలా కాలాన్ని మింగేసేది ఈ పనే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు పీసీ-9, మందు జెఫిటినిబ్ అనుకుందాం. ముందు 72 గంటల ఐసీ50 (కణాల పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు) చూసుకోవాలి. పీసీ-9కి అది పదుల నానోమోలార్లలోనే ఉంటుంది. అందులో సగమో, ఇంకా తక్కువో పెట్టి మొదలుపెట్టాలి. కణాలు మళ్లీ మామూలు వేగం అందుకున్నాకే మోతాదు ఒకటిన్నర రెట్లు, మహా అయితే రెండు రెట్లు పెంచాలి. తొందరపడి ఒకేసారి ఐదు రెట్లు పెంచితే ఫ్లాస్కు ఖాళీ అయినా ఆశ్చర్యం లేదు. 1 మైక్రోమోలార్ చేరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు. ప్రతి మెట్టులో రెండు మూడు వయల్స్ ఫ్రీజ్ చేసి ఉంచుకోండి.

పక్కనే అసలు కణాలను కూడా మందు లేకుండా, అంతే డీఎంఎస్ఓతో (మందును కరిగించే ద్రావకం), అన్నే ప్యాసేజ్‌లు (కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచే విడతలు) నడపాలి. ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. ఇది లేకపోతే చివర్లో కనిపించిన తేడా మందు వల్లనా, ఏడాది పెంపకం వల్లనా అన్నది ఎవరూ చెప్పలేరు.

జెఫిటినిబ్‌కు డీఎంఎస్ఓలో 10 మిల్లీమోలార్ స్టాక్ (గాఢమైన ద్రావణం) చేస్తాం. మీడియాలో డీఎంఎస్ఓ 0.1 శాతం దాటనివ్వం. అదే అలవాటుతో ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్ఓలో కలిపితే కొంప మునిగినట్టే. డీఎంఎస్ఓలోని గంధకం ప్లాటినానికి అంటుకుని క్లోరైడ్‌ను తోసేస్తుంది. మందు చచ్చుబడుతుంది, కణాలు బతుకుతాయి, రెసిస్టెన్స్ వచ్చేసిందని మనం సంబరపడతాం. సిస్‌ప్లాటిన్‌ను 0.9 శాతం సెలైన్‌లోనే కలపాలి.

ఇంకో బోల్తా ఉంది. ఎక్కువ మోతాదు కొట్టాక అన్నీ చచ్చినా, అక్కడక్కడా కొన్ని పెరక్కుండా అడుగున అంటిపెట్టుకుని ఉంటాయి. 2010లో పీసీ-9 మీద చేసిన ఒక అధ్యయనం వీటిని 0.3 శాతంగా లెక్కగట్టింది. మందు తీసేసి కొన్నాళ్లు పెంచితే ఇవి మళ్లీ లొంగిపోతాయి. ఇవి టాలరెంట్ (తాత్కాలికంగా తట్టుకున్నవి), రెసిస్టెంట్ (నిలకడగా లొంగనివి) కావు. అందుకే చేతికొచ్చిన లైన్‌ను నాలుగు వారాలు మందు లేకుండా పెంచి, ఐసీ50 మళ్లీ తీయాలి. అప్పటికీ నిలిస్తే జెఫిటినిబ్ గురిపెట్టే ఈజీఎఫ్ఆర్ జీన్‌లో టీ790ఎం అనే మార్పు ఉందేమో సీక్వెన్స్ చేయించాలి. లేకపోతే పెరుగుదలకు మరో దారి ఇచ్చే మెట్ జీన్ కాపీలు పెరిగాయేమో చూడాలి.

బతికున్న కణాలను రంగు మార్పుతో కొలిచే ఎంటీటీ రీడింగ్‌నూ గుడ్డిగా నమ్మొద్దు. నెమ్మదిగా పెరిగే కణాలు నిజంగా రెసిస్టెంట్ కాకపోయినా ఐసీ50 ఎక్కువ చూపించగలవు. రెండు లైన్లూ ఎన్ని గంటలకు రెట్టింపవుతున్నాయో పక్కనే రాసుకోండి. ప్లేటు అంచు వెల్స్‌లో మీడియా ఆవిరవుతుంది కాబట్టి వాటిలో పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) పోసి వదిలేయడమే మేలు.

మైకోప్లాస్మా (పెంచే కణాల్లో చొరబడే బ్యాక్టీరియా) పరీక్ష నెలకోసారి తప్పదు. కొన్ని మైకోప్లాస్మాలు క్యాన్సర్ మందు జెమ్‌సిటబిన్‌ను వాటంతట అవే విరగ్గొట్టేస్తాయి, పేరు మాత్రం కణాలకు వస్తుంది. ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాలు ఏ లైన్‌వో తేల్చే డీఎన్ఏ పరీక్ష) మొదటి వయల్‌కూ చివరి వయల్‌కూ చేయించాలి. డాక్సోరుబిసిన్‌కు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాలని ఏళ్ల తరబడి వాడిన ఎంసీఎఫ్-7/ఏడీఆర్, చివరికి ఓవీసీఏఆర్-8 నుంచి వచ్చిన అండాశయ క్యాన్సర్ కణాలని తేలింది.