శాతం కాదు, అవసరం రాయమన్నారు

యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ ఉపకారవేతనం గురించి ఎవరిని అడిగినా డబ్బు సంగతే చెప్పారు. నెలకు 1400 యూరోలు, 24 నెలల వరకు, కనీసం రెండు దేశాల్లో పీజీ చదువు. అంతా నిజమే. ఆమదాలవలసలో ఉన్న నాలాంటి చూపులేని అమ్మాయి అక్కడిదాకా ఎలా చేరాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌ను బ్రెయిలీలో రాయవచ్చు, అదనపు సమయమూ ఇస్తారు. కానీ ఆ సంగతి నెలల ముందే చెప్పుకోవాలి. చాలా కోర్సుల దరఖాస్తు గడువు చలికాలంలోనే ముగుస్తుంది కనుక వేసవిలోనే కదలడం మంచిది. మార్కుల జాబితా స్కాన్ చేయించి తెరిస్తే తెరమీది అక్షరాలు చదివి వినిపించే మా ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ‘బ్లాంక్’ అని ఊరుకుంది. కాగితం ఫొటోలో అక్షరాలు దానికి నేరుగా కనిపించవు. తలకిందులుగా వచ్చిందో లేదో చెల్లి చూసి చెప్పాల్సిందే.

అసలు పరీక్ష ఆ తరువాతే. వైకల్యం ఉన్నవారి అవసరాలకు ఈ పథకంలో 3000 నుంచి 9500 యూరోల వరకు విడిగా ఇస్తారు. మన సదరం ధ్రువపత్రంలో ఉండేది ఒక శాతం. వాళ్ల ఫారం మాత్రం ఏమేం కావాలో, దేనికి ఎంతవుతుందో రాయమంది. నన్ను ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. ‘‘అన్నీ నువ్వే చేసుకుంటావు కదే, ఏం రాస్తావు?’’ అంది అమ్మ. డిగ్రీలో ఎవరేమడిగినా ‘సర్దుకుంటానండీ’ అనడమే అలవాటు. ఇక్కడ అలా రాస్తే మిగిలేది సున్నా. చివరికి రాశాను: కొత్త ఊళ్లో గది నుంచి తరగతికి దారి నేర్పే శిక్షకురాలు, టెక్స్ట్ రూపంలో పుస్తకాలు, తెరమీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే. ధరలు తెలియక ఆ విశ్వవిద్యాలయాల వికలాంగ విద్యార్థుల విభాగాలకే ఈమెయిల్ పెట్టాను. గంటకు ఎంతో లెక్కకట్టి పంపారు! మన దగ్గర అలాంటి విభాగమంటే గోడమీద బోర్డు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఈ సాయమంతా చేరాకే. పరీక్ష ఫీజు, పాస్‌పోర్టుకు 1500 రూపాయలు, వీసా పనికి హైదరాబాదు ప్రయాణం ముందే మన చేతినుంచి పోతాయి. రైల్లో తోడు వచ్చేవారికీ రాయితీ ఉంది కానీ, నాన్న పోగొట్టుకున్న కూలికి లేదు. అందరికీ అందాలనుకునే పథకం ఈ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

సీటు వచ్చింది. శిక్షకురాలికి ఒప్పుకున్నారు, డిస్‌ప్లేకు ఒప్పుకోలేదు. పాతది ఎవరైనా అమ్ముతారేమోనని విశాఖలో వాకబు చేస్తున్నాను.